పెట్రోలు వాసన వస్తున్న పికప్‌ను రీకాల్ మరమ్మతు దాకా నడపవచ్చా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావారికీ సంగతి తెలుస్తుంది. అమెరికాలో రెండేళ్ల కిందట ఒకరు వాడిన పికప్ ట్రక్కు కొన్నారు. ఇంధన వ్యవస్థలో లోపం ఉందని, పెట్రోలు కారే ప్రమాదం ఉందని ఇప్పుడు తయారీ కంపెనీ నుంచి రీకాల్ ఉత్తరం, అంటే లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిపించి బాగుచేసే ఏర్పాటు గురించిన ఉత్తరం, వచ్చింది. మార్చాల్సిన భాగాలు ఇంకా సిద్ధం కాలేదని, సిద్ధమయ్యాక మరో ఉత్తరం రాస్తామని అందులో ఉంది. డీలరుకు ఫోను చేస్తే మూడు నెలలు ఆగమన్నారు. వారంటీ ముగిసింది, పైగా మీరు రెండో యజమాని, కాబట్టి డబ్బు అడుగుతారేమోనని మీ అనుమానం. అసలు ఆ ఉత్తరం నిజమైనదేనా అన్నది మరో అనుమానం. ఇవన్నీ అయ్యాక చివరన, పెద్ద విషయం కాదన్నట్టు, ఒక వాక్యం చేర్చారు: కొన్ని రోజులు పొద్దున్నే గరాజ్‌లోకి వెళ్తే పెట్రోలు వాసన వస్తోందని.

మీరు చివరన రాసిందే నాకు మొదటి విషయం. ఉత్తరంలో ఉన్నది రాబోయే ప్రమాదం గురించిన హెచ్చరిక. మీ గరాజ్‌లో వస్తున్న వాసన, ఆ ప్రమాదం గడప దాటి లోపలికి వచ్చిందనడానికి గుర్తు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, మూడు నెలలు ఆగమన్నారు కదా అని కూర్చోకండి. పాతికేళ్లుగా ట్రక్కుల ఇంధన వ్యవస్థలు బాగుచేయడమే నా వృత్తి. వాసన సంగతి తర్వాత చూసుకుందామని నెలల తరబడి నడిపిన బండ్లను లిఫ్టు మీదికి ఎక్కించి చూసినప్పుడు గుండె ఝల్లుమన్న రోజులు నాకు చాలా ఉన్నాయి.

ఈ రాత్రి చేయాల్సినది ఇది. బండిని గరాజ్ నుంచి బయటికి తీయండి. గోడలకు, పైకప్పుకు, ఇంకో బండికి దూరంగా ఆరుబయట నిలపండి. తీసేముందు వాసన ఉందేమో చూడండి. ఉంటే ఏ స్విచ్చూ నొక్కవద్దు, లైటు కూడా వేయవద్దు, తలుపు మోటారును నడపవద్దు. మోటారు పట్టాకు ఎర్రటి తాడు వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగితే తలుపు మోటారు నుంచి విడిపోయి చేత్తో పైకి లేస్తుంది. తలుపు బార్లా తెరిచి గాలి ఆడనివ్వండి. వాసన పూర్తిగా పోయాకే బండిని ముట్టుకోండి. నేల మీద తడి కనిపించినా, వాసన ఘాటుగా ఉన్నా బండి జోలికి వెళ్లవద్దు. ఇంట్లోవాళ్లను తీసుకుని బయటికి వచ్చి అగ్నిమాపక దళానికి ఫోను చేయండి. ఇంత చిన్నదానికి వాళ్లను పిలవాలా అని మొహమాటపడకండి, ఇలాంటివాటికే వాళ్లున్నారు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. గడ్డకట్టే చలిలో కూడా, అంటే సున్నాకు దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా, పెట్రోలు నిప్పంటుకునేంత ఆవిరిని వదులుతుంది. గాలిలో ఆ ఆవిరి దాదాపు ఒకటిన్నర శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది. అది గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. పైకి లేచి పోదు, నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. గరాజ్‌లో పెట్టే నీళ్ల హీటరు మంట నేల నుంచి కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలన్న నిబంధన ఇందుకే వచ్చింది. మీ హీటరు కూడా గరాజ్‌లోనే ఉంటే నేను చెప్పినదాన్ని రేపటికి వాయిదా వేయకండి.

ఇక ఉత్తరం సంగతి. ఇంధన వ్యవస్థకు సంబంధించిన రీకాల్ ఉత్తరం చేతికి వచ్చినప్పుడు అందులో వెతకాల్సింది ఒక్కటే. ఇంధనం ఇంజనుకు అందకపోవడమా, ఇంధనం బయటికి రావడమా? మొదటిదైతే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. రెండోదైతే అంటుకుంటుంది. ఉత్తరం పైన శీర్షిక రెంటికీ ఒకేలా కనిపించవచ్చు, కానీ మీరు పడాల్సిన జాగ్రత్తలు పూర్తిగా వేరు.

మీది రెండో రకమే అయినా మొదటిదాన్ని కూడా చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య పికప్‌ల రీకాళ్లలో అదే ఎక్కువగా కనిపిస్తోంది. ట్యాంకులో పెట్రోలులో మునిగి ఉండే పంపు ఒకటుంటుంది. అది తోడే పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది, దానికి కందెన కూడా అదే. ఈ పంపు లోపంతోనే 2020లో టొయోటా వెనక్కి పిలిచిన వాహనాల్లో టండ్రా, టకోమా పికప్‌లు కూడా ఉన్నాయి. డెన్సో సంస్థ చేసిన ఆ పంపుల్లో ఇంపెల్లర్ అనే చిన్న ప్లాస్టిక్ చక్రం ఉంటుంది. అది పెట్రోలును పీల్చుకుని, నానబెట్టిన శనగగింజలా ఉబ్బి, పంపు గోడకు ఒరుసుకుని చివరికి తిరగడం మానేస్తుంది. శనగగింజ ఉబ్బితే పట్టించుకునేవారుండరు. ఇక్కడ వెంట్రుకవాసి ఉబ్బినా ఇంజను ఆగిపోతుంది. 2025 జులైలో ఫోర్డ్ 8.5 లక్షలకు పైగా వాహనాలను ఇంధన పంపు లోపంతోనే వెనక్కి పిలిచింది. 2021 నుంచి 2023 దాకా తయారైన ఎఫ్-150, ఎఫ్-250 వంటి పికప్‌లు అందులో ఉన్నాయి. ట్యాంకులో ఇంధనం తక్కువగా ఉండి, పైన ఎండ కూడా కాస్తున్నప్పుడు పంపు మొరాయించే అవకాశం ఎక్కువని ఆ రీకాల్‌లోనే చెప్పారు.

డీజిల్ బండ్ల కథ ఇంకా ఖరీదైనది. 2019, 2020 మోడళ్ల రామ్ భారీ పికప్‌లలో, 6.7 లీటర్ల కమిన్స్ ఇంజనుకు అమర్చిన అధిక పీడన పంపు కోసం 2021 చివర్లో రీకాల్ ప్రకటించారు. అలాంటి పంపు లోపల అరిగి విరిగితే ఇనుప రజను బయలుదేరుతుంది. అది డీజిల్‌తో కలిసి గొట్టాల్లోకి, ఇంజనులోకి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లలోకి చేరి ఎక్కడికక్కడ గీరుకుంటూ పోతుంది. విరిగిన పంపును ఒక్కదాన్నే మార్చి పంపిస్తే కొత్త పంపు కూడా అదే రజనును మింగుతుంది. డీజిల్ పికప్ ఉన్నవాళ్లు మరమ్మతు కాగితంలో పంపు మార్చాం అన్న ఒక్క ముక్కతో తృప్తిపడవద్దు. మిగతా భాగాలను విప్పి చూశారా, వాటిలో రజను కనిపించిందా అని అడిగి, వాళ్ల జవాబును రాయించుకోండి.

పంపు రీకాల్ ఉన్న బండిని మరమ్మతు దాకా నడపక తప్పకపోతే ట్యాంకును సగానికి తగ్గనివ్వకండి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి నీరసించడం, వేగం పెంచితే తడబడడం, స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తీసుకోవడం ముందస్తు గుర్తులు. ట్రెయిలర్ తగిలించుకుని హైవే ఎక్కకండి. ఇంజను ఆగినప్పుడు బ్రేకుకు తోడ్పడే శక్తి రెండు మూడు తొక్కులకు మించి మిగలకపోవచ్చు. బ్రేకును పదేపదే తొక్కి వదలకుండా ఒక్కసారిగా, గట్టిగా, నిలకడగా తొక్కాలి. హెచ్చరిక లైట్లు వేసి స్టీరింగును రెండు చేతులా బలంగా పట్టి అంచుకు చేర్చాలి. పాత హైడ్రాలిక్ స్టీరింగు అయితే చేతికి బండరాయిలా అనిపిస్తుంది. తిరగదని భయపడకండి, బలం పెడితే తిరుగుతుంది.

ఇప్పుడు మీ విషయం, కారడం. కొట్టొచ్చినట్టు కనిపించే కారణాలు దీనికి తక్కువ. చాలావాటికి మూలం చిన్న రాపిడి, చిన్న పగులు, కాస్త తుప్పు. 2023లో టొయోటా సుమారు 1,68,000 టండ్రా పికప్‌లను వెనక్కి పిలిచింది. అవి 2022, 2023 మోడళ్లు. ఒక ప్లాస్టిక్ ఇంధన గొట్టం కదులుతూ పక్కనున్న బ్రేకు గొట్టానికి ఒరుసుకోవడమే లోపం. ఒరుసుకున్నచోట పలచబడి, చివరికి చిల్లు పడుతుంది. కొత్త గొట్టాలు వచ్చేలోపు తాత్కాలికంగా ఆ గొట్టానికి రక్షణ తొడుగు వేసి, క్లాంపు బిగించి పంపించారు. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి, దీనితో మీకు పని ఉంది.

హోండా రిడ్జ్‌లైన్ సంగతి నేను కొత్తగా చేరిన కుర్రాళ్లకు తప్పకుండా చెబుతాను. 2019లో ఆ కంపెనీ 2017 నుంచి 2019 మోడళ్ల రిడ్జ్‌లైన్లను లక్షకు పైగా వెనక్కి పిలిచింది. కార్లు కడిగేచోట వాడే కొన్ని సబ్బు ద్రవాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. అది పంపు మీద చేరి, పెట్రోలు బయటికి వచ్చే ప్లాస్టిక్ ముక్కుకు పగుళ్లు తెచ్చింది. బండిని శుభ్రంగా ఉంచుకోవడం వల్ల పెట్రోలు కారింది. యజమాని చేసిన తప్పేమీ లేదు, ముందుగా ఊహించాల్సింది తయారుచేసినవాళ్లే. రీకాల్ అనే ఏర్పాటు ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. తుప్పు విషయానికొస్తే 2011 నాటి ఫోర్డ్ రీకాల్ ఉంది. 1997 నుంచి 2003 దాకా వచ్చిన ఎఫ్-150లు ముఖ్యంగా అందులో ఉన్నాయి, మొత్తం పది లక్షలకు పైగా బండ్లు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో, ట్యాంకును పట్టి ఉంచే ఇనుప పట్టీలు తుప్పుపట్టి తెగి, ట్యాంకు కిందికి జారే ప్రమాదం ఏర్పడింది. మీరు ఉప్పు చల్లే రాష్ట్రంలో ఉంటే, ఏ కంపెనీ బండి అయినా సరే, చలికాలం అయ్యాక ఒకసారి ఆ పట్టీలను టార్చి వేసి చూడండి. రంగు మారడం సహజం. పొరలు పొరలుగా లేచి, వేలితో తాకితే ఊడివస్తుంటే మాత్రం సహజం కాదు.

మీ వాసన ఎక్కడిదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, కానీ అది ఎప్పుడు వస్తుందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. ట్యాంకు నింపించిన రోజు, ఆ మర్నాడు మాత్రమే వస్తే అనుమానం ట్యాంకు పైభాగం మీద. అంటే పంపు అమరిక మూత, దాని కింద ఉండే రబ్బరు సీలు, లేదా పెట్రోలు పోసే గొట్టం మెడ. ఇంజను నడుస్తున్నప్పుడు, లేదా ఆపిన కొద్ది నిమిషాల్లో వస్తే పీడనం ఉన్న గొట్టాలు, ఇంజెక్టర్లు. బాగా ఎండలో నిలిపాక వస్తే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా, దానికి వెళ్లే గొట్టాలు. ఇవి కచ్చితమైన సూత్రాలు కావు, వెతకడానికి దారులు మాత్రమే.

ఈ మూడు దారుల్లో మొదటిదానికి ఒక అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన తన పికప్ తెచ్చారు. వాసన వస్తోందని అంతకుముందు వేరేచోట రెండుసార్లు చూపించారట. రెండుసార్లూ పెట్రోలు మూత మార్చి పంపించారట. ఎప్పుడు వస్తుందండీ అని అడిగితే ఆయన వెంటనే ‘నిండా పోయించిన రోజే’ అన్నారు. సగం పని ఆ మాటతోనే అయిపోయింది. బండి కింద పడుకుని చూస్తే ఏమీ కనిపించలేదు, అంతా పొడిగా ఉంది. వెనుక తొట్టి మరలు విప్పి, తొట్టిని పైకెత్తించాను. ట్యాంకు నెత్తి మీద ఏళ్ల తరబడి పేరుకున్న ధూళి తెల్లగా పరుచుకుని ఉంది. దాని మధ్యలో పంపు మూత చుట్టూ తమలపాకంత నల్లటి మరక. అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. విప్పి చూస్తే, ఎప్పుడో పంపు మార్చినవాళ్లు సీలును మెలిపడినట్టే బిగించేశారు. ట్యాంకు నిండినప్పుడు పెట్రోలు ఆ సీలు దాకా లేచేది, మలుపుల్లో కొద్దికొద్దిగా చిమ్మేది. తక్కువగా ఉన్నప్పుడు ఆ ఎత్తుకు చేరేదే కాదు. వేడి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ గొట్టం అక్కడికి రెండడుగుల దూరం కూడా లేదు. ఆయన ప్రతి శనివారం ఆ బండిలో మనవళ్లను తిప్పేవారు. తడి అంచు చూపించినప్పుడు ఆయన ఏమీ మాట్లాడలేదు, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు.

అందుకే మీరు బండి కిందికి తొంగిచూసి, చుక్క పడలేదు కాబట్టి ఫరవాలేదు అనుకోవద్దు. అలాగే కారుతున్నచోటు కోసం చేత్తో తడమకండి. ముఖ్యంగా డీజిల్ బండ్లలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజనులో పీడనం 2,000 బార్ దాకా, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు రెండు వేల రెట్లు, వెళ్తుంది. కంటికి కనిపించని సన్నని చిల్లు నుంచి వచ్చే ధార చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న ఎర్ర చుక్కలా కనిపిస్తుంది, లోపల కండరం చచ్చిపోతుంది. అలా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, లోపలికి పోయింది డీజిల్ అని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

ఉత్తరం నిజమైనదా అన్నారు. మీ సందేహం న్యాయమైనదే, ఎందుకంటే వారంటీ పొడిగింపు అమ్ముకునేవాళ్లు అచ్చం ఇలాంటి కవర్లే పంపుతారు. నిజమైన రీకాల్ ఉత్తరం కవరు మీద అది ముఖ్యమైన భద్రతా రీకాల్ సమాచారమని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అమెరికా రవాణా శాఖ ముద్ర, జాతీయ రహదారి భద్రతా సంస్థ అయిన ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ముద్ర కూడా ఉంటాయి. లోపల మీ బండి 17 అక్షరాల విన్ నంబరు, అంటే ఒక్కో బండికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉంటుంది. డబ్బు కట్టమని ఎక్కడా ఉండదు. అయినా కవరును నమ్మి ఆగిపోవద్దు. అద్దం కింద డ్రైవరు వైపు మూలన, లేదా డ్రైవరు తలుపు చట్రం మీద ఉన్న విన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో రీకాళ్ల పేజీలో వేసి చూడండి. మరమ్మతు కాని రీకాళ్లన్నీ అక్కడ కనిపిస్తాయి. మీకు ఒకటే ఉత్తరం వచ్చింది, కానీ పాత యజమానికి వచ్చి ఆయన చెత్తబుట్టలో వేసినవి ఇంకో రెండు ఉండవచ్చు. చిరునామా మారితే ఉత్తరాలు చేరవు. కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఈ నంబరు వేసి చూసే అలవాటు చేసుకోండి.

డబ్బు గురించి నిశ్చింతగా ఉండండి. రీకాల్‌కు వారంటీతో సంబంధం లేదు. మొదటి యజమానా, ఐదో యజమానా అన్నది లెక్కలోకి రాదు. బండి మొదటిసారి అమ్ముడైనప్పటి నుంచి 15 ఏళ్లలోపు రీకాల్ ప్రకటిస్తే మరమ్మతు ఉచితంగా చేయాలన్నది చట్టం. 2015కు ముందు అది పదేళ్లే. ఆ కంపెనీ డీలరు ఎవరైనా చేయాలి, మీరు కొన్నచోటికే వెళ్లాల్సిన పని లేదు. ముందు ఆయిలు మార్పించుకోండి, ఇంకేదో చేయించుకోండి అప్పుడే ఇది చూస్తాం అంటే ఒప్పుకోకండి. రీకాల్‌కు ముందే మీరు ఇదే లోపాన్ని సొంత డబ్బుతో బాగుచేయించుకుని ఉంటే ఆ డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు కూడా కంపెనీ చేయాలి. రసీదు ఉంటే ఉత్తరంలో చెప్పిన చోటికి పంపండి. ఒక్క జాగ్రత్త: డీలర్లకు కంపెనీ పంపే సాంకేతిక సూచన పత్రాలు వేరు, రీకాల్ వేరు. సూచన పత్రం ఉందని ఎవరైనా చెబితే అది ఉచిత మరమ్మతుకు హామీ కాదు.

రెండేళ్ల కిందట మీకు ఈ బండి అమ్మినవాళ్లు అప్పటికే ఏదైనా రీకాల్ ఉన్నా చెప్పకుండా అమ్మి ఉండవచ్చా అంటే, ఉండవచ్చు. కొత్త బండిని రీకాల్ మరమ్మతు చేయకుండా డీలరు అమ్మకూడదు. 35కు మించి బండ్లున్న అద్దె సంస్థలు కూడా 2016 నుంచి అలాంటి బండిని అద్దెకివ్వకూడదు. వాడిన బండ్ల అమ్మకానికి మాత్రం ఇప్పటికీ అలాంటి కేంద్ర చట్టం లేదు. ఇది నాకు ఎంతకీ మింగుడుపడదు. ట్యాంకు కారే బండిని ఒక రోజుకు అద్దెకివ్వడం తప్పయినప్పుడు, అదే బండిని ఒక కుటుంబానికి ఏళ్ల తరబడి వాడుకోమని అమ్మడం ఒప్పెలా అవుతుంది?

ఇప్పుడు మూడు నెలల సంగతి. లోపం ఉందని నిర్ణయించుకున్నాక కంపెనీ అయిదు పనిదినాల్లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు చెప్పాలి. ఆ తర్వాత 60 రోజుల్లో యజమానులకు ఉత్తరాలు వెళ్లాలి. భాగాలు సిద్ధమైనా కాకపోయినా ఉత్తరం రావాల్సిందే కాబట్టి ముందు హెచ్చరిక, తర్వాత మరమ్మతు పిలుపు వస్తాయి. డీలరు చెప్పినది అబద్ధం కాకపోవచ్చు. కానీ మీరు ఫోనులో ‘రీకాల్ ఉత్తరం వచ్చింది, ఎప్పుడు తేవాలి’ అని అడిగి ఉంటారు. దానికి వాళ్ల దగ్గరున్న జవాబు మూడు నెలలే. రేపు ఫోను చేసినప్పుడు రీకాల్ అనే మాటతో మొదలుపెట్టకండి. ‘నా బండిలో పెట్రోలు కారుతున్నట్టుంది, వాసన వస్తోంది, ఇదే లోపానికి రీకాల్ కూడా ఉంది’ అని చెప్పండి. అప్పుడు అది వరుసలో నిలబడే బండి కాదు, ప్రమాదంలో ఉన్న బండి. నడుపుకుంటూ తీసుకువెళ్లనని, బండిని మోసుకెళ్లే ట్రక్కు పంపమని అడగండి. టండ్రాకు చేసినట్టు మీ బండికీ తాత్కాలిక మరమ్మతు ఏదైనా కంపెనీ సూచించిందా అని తప్పకుండా అడగండి. ఉందని తెలిసీ కౌంటరు దగ్గరివాళ్లు చెప్పకపోవడం నేను చూశాను, పని ఒత్తిడిలో వాళ్లకు తెలియకపోవడం ఇంకా ఎక్కువసార్లు చూశాను. బదులు బండి ఇమ్మనీ అడగండి. ఇవ్వాలని చట్టం నిర్బంధించదు, కానీ ఇలాంటి సందర్భాల్లో అడిగినవాళ్లకు ఇస్తుంటారు.

బండి అక్కడికి చేరాక, వాళ్లు బాగుచేయలేకపోయినా సరే, మీ ఫిర్యాదును మీ మాటల్లోనే పనిపత్రంలో రాయించి, తేదీతో ప్రతి తీసుకోండి. చూశాం, ఏమీ కనిపించలేదు అన్నా అదే రాయమనండి. ఈ కాగితం విలువ తర్వాత తెలుస్తుంది. మరమ్మతు కోసం బండిని అప్పగించిన 60 రోజుల్లో సరిగా చేయకపోతే, తగిన సమయంలో చేయలేదనడానికి చట్టం దాన్నే ప్రాథమిక ఆధారంగా తీసుకుంటుంది. ఆపైన బండి మార్చివ్వాలనో, తరుగు పోను డబ్బు తిరిగివ్వాలనో కంపెనీని అడిగే హక్కు మీకుంది. నోటిమాటతో తిరిగి వచ్చేసినవాళ్లకు ఆ 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో చూపించడానికి ఏమీ ఉండదు.

డీలరుతో పని కాకపోతే కంపెనీ వినియోగదారుల విభాగానికి, అక్కడా కాకపోతే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు ఫిర్యాదు రాయండి. ఇప్పటికే రీకాల్ ఉంది కదా, నా ఒక్క ఫిర్యాదుతో ఏమవుతుందని అనుకోకండి. ఆ సంస్థ దర్యాప్తులు మొదలయ్యేదే ఇలాంటి ఫిర్యాదులతో. చేసిన మరమ్మతు చాలలేదని తేలి, అదే బండ్లను రెండోసారి పిలిపించడం కూడా జరుగుతుంది.

రీకాల్ దానంతట అదే జరిగిపోతుందన్న నమ్మకం నాకు లేకపోవడానికి ఒక పాత కథ కారణం. 1973 నుంచి 1987 దాకా జనరల్ మోటార్స్ చేసిన సి/కె పికప్‌లలో పెట్రోలు ట్యాంకులు బండి కింది చట్రం ఉక్కు దూలాలకు లోపల కాకుండా బయట, పక్కలకు ఉండేవి. పక్క నుంచి ఇంకో బండి గుద్దితే ట్యాంకుకు, ఆ బండికి మధ్య పలచటి రేకు తప్ప అడ్డం లేదు. ఆ ప్రమాదాల్లో మంటల్లో ఎందరో చనిపోయారు. 1992 చివర్లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దర్యాప్తు మొదలుపెట్టింది. 1994 అక్టోబరులో అప్పటి రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా ఇది భద్రతా లోపమేనని ప్రాథమిక నిర్ణయం ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరులో ఒప్పందం కుదిరింది. కంపెనీ భద్రతా కార్యక్రమాలకు 5.1 కోట్ల డాలర్లకు పైగా ఇస్తుంది, రీకాల్ మాత్రం ఉండదు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో కూడా ఆ బండ్లు రోడ్ల మీద తిరుగుతూ ఉండేవి, నా చేతులతో వాటి ట్యాంకులు దించాను. దించిన ప్రతిసారీ పక్కన ఆ పలచటి రేకును తట్టి చూసేవాణ్ని. అప్పటికి అమలులో ఉన్న గుద్దుడు పరీక్షల్లో అవి నెగ్గినవేనని కంపెనీ వాదించింది. పరీక్ష నెగ్గడం వేరు, రోడ్డు మీద మనుషులు బతకడం వేరు. తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. వెనుక నుంచి గుద్దే పరీక్ష వేగం గంటకు 30 మైళ్ల నుంచి 50 మైళ్లకు పెరిగింది. గుద్దుకున్నాక కారే ఇంధనాన్ని గ్రాముల్లో తూచి చూస్తారు, బండి ఆగేలోపు 28 గ్రాములు మించకూడదు. ఇంజను కూడా వేయకుండా గరాజ్‌లో ఊరికే నిలిపి ఉంచిన మీ బండి దగ్గర వాసన వస్తోందంటే దానికి గుద్దుడు కూడా అక్కర్లేదన్నమాట.

మీ బండి ఏ కంపెనీదో, ఏ సంవత్సరం మోడలో మీరు రాయలేదు. అవి, ఉత్తరంలో ఉన్న రీకాల్ సంఖ్య, వాసన వచ్చిన రోజుల్లో ట్యాంకు ముల్లు ఎక్కడుందో రాయండి. విన్ నంబరు మాత్రం ఇక్కడ అందరికీ కనిపించేలా పెట్టకండి. వెనుక తొట్టిలో పనిముట్ల పెట్టెకో అదనపు ట్యాంకుకో ఎవరైనా రంధ్రాలు చేశారేమో కూడా చూడండి. మరలు కింది గొట్టానికి తగిలిన బండ్లు నా దగ్గరికి వచ్చాయి, అలాంటివి రీకాల్ మరమ్మతులో బయటపడవు. కానీ ఇవన్నీ రేపటి పనులు. ముందు బండిని గరాజ్ నుంచి బయటికి తీసి, తీశానని ఒక్క ముక్క రాయండి.